పుస్తక సమీక్ష – రెండు రూపాయలు

మా షాపులో పుస్తక సమీక్ష రెండు రూపాయలు. వెనకా ముందూ తీస్తే మూడు.

హైస్కూలు గేటుకి ఎదురుగా నాది జిరాక్స్ షాపు. ప్రింటౌట్, లామినేషన్, స్పైరల్ బైండింగ్, గైడ్లు, బిట్ బ్యాంకులు, చార్టులు. గోదావరి పాయ వైనతేయ గట్టు వెంట ఉన్న అరడజను ఊళ్ళ పిల్లలు ఈ బడికే వస్తారు. ఏడాదికి నాలుగుసార్లు జరిగే ఫార్మేటివ్ పరీక్షల్లో తెలుగుకి పుస్తక సమీక్ష అని ఒక అంశం ఉంటుంది. పాఠ్యపుస్తకం కాని పుస్తకం ఏదో ఒకటి చదివి, రాసిందెవరు, అందులో ఏముంది, తనకేం నచ్చింది అని పిల్లలు సొంతంగా రాయాలి. ఎవరికి తట్టిందో గాని మంచి ఆలోచన. అది మా దగ్గర అమలయ్యే తీరు మాత్రం ఇది: పరీక్షకి రెండ్రోజుల ముందు ఒక పిల్లాడు వచ్చి, "అంకుల్, పుస్తక సమీక్ష ఒకటి నెట్‌లో తీయండి" అంటాడు. తీస్తాను. వాడి వెనకాలే యాభై మంది అదే కాగితం కాపీ తీయించుకుంటారు. యాభై మందికీ ఒకే పుస్తకం నచ్చుతుంది. ఒకే కారణానికి నచ్చుతుంది. ఒకసారి ఆ కాగితంలో రచయిత పేరు దగ్గర టోనర్ చారపడి సగం అక్షరాలు ఎగిరిపోతే, యాభై మందీ ఆ సగం పేరే రాశారట. మార్కులు మాత్రం పూర్తిగా పడ్డాయి.

నేనేం బాధపడలేదు. నా వ్యాపారం అది. రెండేళ్ళ క్రితం ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతి కాపీ తీసుకుని, డబ్బులిచ్చి, వెళ్ళకుండా నిలబడి, "అంకుల్, ఈ పుస్తకం మీ దగ్గరుందాండి?" అని అడిగేదాకా.

లేదన్నాను. బడిలో అడగమన్నాను. "బీరువాలో ఉంటాయండి, తాళం వేసుంటుందండి" అంది. అంటే ఆ పిల్ల అప్పటికే అడిగి వచ్చిందన్నమాట.

ఈ వ్యాసం ఆ తాళం గురించే. కానీ దానికంటే ముందు ఇంకో సంగతి చెప్పాలి.

నవంబరు 14 వస్తే బడికి అతిథులు వస్తారు. బ్యానర్ ప్రింటు ఆర్డరు నా ద్వారానే వెళ్తుంది కాబట్టి నన్నూ పిలుస్తారు, వెనక వరసలో కుర్చీ వేస్తారు. వచ్చిన ప్రతివాళ్ళూ "పెద్ద కలలు కనండి" అంటారు. ఆ తరవాత మైకు పిల్లల చేతికిచ్చి, పెద్దయ్యాక ఏమవుతావు అని అడుగుతారు. డాక్టర్, కలెక్టర్, పోలీసు, సాఫ్ట్‌వేర్. ఇన్నేళ్ళలో అయిదో మాట విన్న గుర్తు లేదు. ఒకసారి కలెక్టర్ అవుతానన్న కుర్రాణ్ణి, కలెక్టర్ ఏం చేస్తారమ్మా అని ఎవరో అడిగారు. వాడు కాసేపు ఆలోచించి, "కారులో వస్తారండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక ఆలోచిస్తే, వాడు చూసింది చూసినట్టు చెప్పాడు. వాడు కలెక్టర్‌ని చూసిందల్లా వరదలప్పుడు కారు దిగుతుండగానే.

కలలు కనమని చెప్పడం సులువు. దేనితో కంటారు? మా పిల్లల కళ్ళ ముందు ఉన్నవి కొబ్బరి, వరి, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, గల్ఫ్ ఏజెంటు, హైదరాబాదులో హాస్టల్లో ఉండే మేనమామ. వీటిని చిన్నచూపు చూడటం నా ఉద్దేశం కాదు. చెట్టెక్కి కొబ్బరి దింపు తీసే మనిషి దొరకడమే గగనమైన ఈ రోజుల్లో అతని కూలి నా జిరాక్స్ సంపాదన కంటే మెరుగు. కువైట్ డబ్బుతో లేచిన డాబాలు మా వీధిలోనే ఉన్నాయి. కానీ చూసిన వాటిలోంచే ఎంచుకోవాలి అన్నప్పుడు, చూడనివి చూపించే చౌకైన సాధనం పుస్తకమే. ఫోను చూపిస్తుంది కదా అంటారు. ఫోను నువ్వు నిన్న చూసిందే ఇవాళ ఇంకాస్త చూపిస్తుంది.

నేను చదివేవాణ్ణి కావడం తుఫాను పుణ్యం. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమలో ఉన్నవాళ్ళకి ఆ రాత్రి గురించి వేరే చెప్పక్కర్లేదు. నాకు పదేళ్ళు. దీపావళికి ముందర. తెల్లారి చూస్తే మా దొడ్లో కొబ్బరి చెట్లు అగ్గిపుల్లలు చెదిరినట్టు పడున్నాయి. మా ఊళ్ళో అప్పుడొక చిన్న లైబ్రరీ ఉండేది, పెంకుటిల్లు. పెంకులు లేచిపోయి లోపల బీరువాలన్నీ తడిశాయి. నాలుగు రోజులకి ఎండ కాసింది. లైబ్రేరియన్ గారు పుస్తకాలన్నీ తెచ్చి రామాలయం అరుగు మీద పరిచారు. తడిసిన పుస్తకం ఊరికే ఎండలో పెడితే ఆరదు, అట్టలు కట్టి ఇటుక అయిపోతుంది. పేజీ పేజీ విడదీసి తిప్పుతూ ఉండాలి. ఆయనొక్కరే ఎన్నని తిప్పుతారు? బడి కప్పూ పోయింది కాబట్టి ఊళ్ళో పిల్లలమంతా ఖాళీ. తలా పది పుస్తకాలు అప్పగించారు.

తిప్పడం మొదలుపెట్టాం. తిప్పుతుంటే కళ్ళు అక్షరాల మీద పడతాయి కదా. నాకు పడిన వాటిలో ఒకటి బైండు చేసిన పిల్లల మాసపత్రికలు. బురద నీళ్ళ వాసన, అంచులకి గోధుమ రంగు మరక, కొన్ని పేజీలు విడదీస్తే అవతలి పేజీ అక్షరాలు అద్దంలో కనపడ్డట్టు తిరగబడి అంటుకుని వచ్చేవి. కథ సరిగ్గా రాక్షసుడి ప్రాణం ఎక్కడుందో చెప్పే చోట రెండు పేజీలు విడిపోలేదు. వేలితో గీకితే చిరిగిపోయాయి. ఆ ప్రాణం ఎక్కడుందో నాకిప్పటికీ తెలియదు. ఆ రెండు పేజీల కోసం నేను తరవాత ఎన్ని పుస్తకాలు చదివానో చెప్పలేను.

పుస్తకాలు ఆరాయి. పైకప్పుకి రేకులు వేశారు. బీరువాల్లో సర్ది మళ్ళీ తాళం వేశారు. పొడిగా ఉన్నన్నాళ్ళూ మా చేతికి రాని పుస్తకాలు తడిస్తేనే వచ్చాయి. మళ్ళీ ఆరగానే వెళ్ళిపోయాయి. తరవాత కొన్నేళ్ళకి ఆ లైబ్రరీ కూడా పోయింది. లైబ్రేరియన్ గారు రిటైరయ్యారు, ఆ స్థానంలో ఇంకొకరు రాలేదు.

అలాగని తాళం వేసే మాస్టార్లని తిడదామని కాదు. ఒక మాస్టారు నాతో కుండబద్దలు కొట్టినట్టు చెప్పారు: "బీరువా తెరిస్తే పది పోతాయండి. స్టాక్ రిజిస్టర్‌లో సంతకం నాది. ట్రాన్స్‌ఫర్ అయ్యేటప్పుడు ఆ పది నేను కొనిపెట్టాలి." ఆయన చెప్పింది నిజం. సమగ్ర శిక్ష అనే సర్కారు బడుల పథకం కింద బడి స్థాయిని బట్టి లైబ్రరీకి ఏడాదికి 5,000 నుంచి 20,000 రూపాయల దాకా గ్రాంటు ఇచ్చే ఏర్పాటుంది. 2020లో మన రాష్ట్రంలో 'చదవడం మాకిష్టం' అని ఒక కార్యక్రమమూ పెట్టారు. అంటే పుస్తకాలు ఎంతోకొంత వస్తూనే ఉన్నాయి. వచ్చిన పుస్తకం బెంచీలాగా, ఫ్యానులాగా ఆస్తి కింద నమోదవుతుంది. ఆస్తి అరగకూడదు, పోకూడదు. చదివిన పుస్తకమేమో అరిగి తీరుతుంది. రెండింట్లో ఏదో ఒకటి తేల్చుకోమంటే ఉద్యోగం చేసేవాడు ఏది తేల్చుకుంటాడు?

నా వాదన ఇంతే. పిల్లల చేతికిచ్చే పుస్తకాన్ని సుద్దముక్క లెక్కలో రాయాలి. సుద్దముక్క అరిగిపోయిందని ఏ మాస్టారి జీతంలోనూ కోత పడదు.

ఇది అతిశయం అనుకునేవాళ్ళు పిల్లల చదివే శక్తి ఎలా ఉందో ఓసారి చూడండి. పల్లె పిల్లలు ఏమాత్రం చదవగలరో చూసే అసర్ సర్వే 2024లో, దేశం మొత్తం మీద పల్లెల్లోని ప్రభుత్వ బడుల్లో అయిదో తరగతి చదివే పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్ళు 44.8 శాతం. సగం కూడా లేరు. ఈత రావాలంటే కాలవలో దిగాలి. మా డెల్టాలో అది ఎవరికీ చెప్పక్కర్లేదు. రేవు మెట్ల మీద కూర్చోబెట్టి ఈత గురించి ప్రశ్నలూ జవాబులూ రాయిస్తే ఎవరికీ ఈత రాదు. గైడ్లు అమ్మి బతికేవాడిని, నేను చెబుతున్నాను.

ఆ అమ్మాయి అడిగి వెళ్ళాక వారం తిరక్కుండా షాపు బయట, టీ కొట్టుకీ నాకూ మధ్య గోడకి కొబ్బరికాయల చెక్కపెట్టె ఒకటి అడ్డంగా బిగించాను. ఇంట్లో ఉన్నవి, రాజమండ్రి వెళ్ళినప్పుడు కొన్నవి, మొత్తం నలభై పుస్తకాలు. రిజిస్టర్ లేదు. పేరు రాసేది లేదు. తీసుకెళ్ళండి, చదవండి, తెస్తే తెండి అన్నాను. మొదటి వారంలో పన్నెండు మాయం. ముందు పోయినవి దెయ్యాల కథలు, తరవాత పొడుపు కథలు, తరవాత ఇంట్లో చేసుకునే సైన్సు ప్రయోగాలు. నీతికథలు ఆర్నెల్లు అలాగే ఉన్నాయి, దుమ్ము దులిపినవాడు లేడు. (పిల్లల పుస్తకాలు వేసేవాళ్ళు ఈ ముక్క గమనించాలి.) ఏడాది తిరిగేసరికి నలభైలో పదిహేడు మిగిలాయి. టీ కొట్టు బాబాయ్ "చెప్పానా!" అన్నాడు. ఆ ఇరవై మూడూ ఏమయ్యాయంటే ఏ ఇంట్లోనో ఉన్నాయి. ఒకటి మాత్రం బజ్జీల పొట్లంగా నా దగ్గరికే తిరిగొచ్చింది. నిజమే. పోనీయండి, ఇరవై మూడులో ఒకటి.

పుస్తకాలు కొని పోస్తూ ఉండటం నావల్ల కాదు. అప్పుడు మార్గం నా మిషన్‌లోనే దొరికింది. ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్‌లో తెలుగు బొమ్మల కథలు బోలెడున్నాయి. ఎవరైనా దించుకోవచ్చు, ప్రింటు తీసి పంచుకోవచ్చు, లైసెన్సే అలాంటిది. నాలుగు ఏఫోర్ కాగితాలు రెండు వైపులా ప్రింటు తీసి మధ్యకి మడిస్తే పదహారు పేజీల పుస్తకం. పైకాగితం మీద ఒకటో పేజీ పక్కన పదహారో పేజీ రావాలి, దాని వెనక రెండూ పదిహేనూ. మొదట్లో లెక్క తప్పి, పులి చచ్చిపోయాక అడవిలోకి వచ్చిన కథ ఒకటి తయారైంది. పిల్లలకి అదే ఎక్కువ నచ్చింది, ఎందుకలా అయిందని తలో కారణం కల్పించుకున్నారు. మధ్యలో రెండు పిన్నులు. నలుపు తెలుపే. రంగులు వాళ్ళే వేసుకుంటారు.

ఆరో తరగతి కుర్రాడు ఒకడున్నాడు. అమ్మ కువైట్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. వీడు అమ్మమ్మ దగ్గర. మా వైపు ఇలాంటి ఇళ్ళు చాలా ఉన్నాయి. అక్కడ ఆవిడకి పని తెమిలేసరికి రాత్రి పదవుతుంది, అప్పుడు మనకి పన్నెండున్నర. వీడు నిద్రపోయి ఉంటాడు. అందుకని సాయంత్రం నా బెంచీ మీద కూర్చుని, ఈ మడత పుస్తకం పట్టుకుని, వాట్సాప్‌లో వాయిస్ మెసేజిగా కథ చదివి పంపడం మొదలుపెట్టాడు. మొదట్లో అక్షరం అక్షరం కూడబలుక్కునేవాడు. ఆవిడ వంటింట్లో పని చేసుకుంటూ వింటుందట. ఒకరోజు "అంకుల్, పెద్ద కథలుంటే తీయండి, చిన్నవైతే ఒక మెసేజిలోనే అయిపోతున్నాయి, అమ్మ ఇంకా ఏదీ అంటంది" అన్నాడు. ఇప్పుడు మధ్యలో ఆపి, తరవాయి రేపు అంటాడు. వాడికి ఏ ఫార్మేటివ్‌లో ఎన్ని మార్కులొచ్చాయో నేను అడగలేదు.

పెద్ద కలల గురించి కదా మొదలుపెట్టాను. కిందటేడు బోదకాలు మాత్రలు పంచడానికి ఆశా వర్కర్లు వచ్చారు. ఆ మాత్రలు మింగకుండా మా షాపు వెనక ఉమ్మేయడం మగపిల్లల ఆనవాయితీ. ఆ మాత్రల్లో ఒకటైన డీఈసీ అంటే ఏమిటో తెలుసా, అది తయారుచేసిన బృందానికి పెద్ద ఎవరో తెలుసా అని అడిగాను. చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా వెళ్తే వచ్చే భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అమెరికాలో లెడర్లీ కంపెనీలో ఆయన నడిపిన బృందం ఆ మందు తెచ్చింది. క్యాన్సర్‌కి వాడే మెథోట్రెక్సేట్ కూడా అక్కడిదే. పిల్లలు వినీ విననట్టు ఉన్నారు. ఆయన మెట్రిక్ రెండుసార్లు తప్పారనీ, పదమూడేళ్ళప్పుడు కాశీ వెళ్ళి యాత్రికులకి అరటిపళ్ళు అమ్ముదామని ఇంట్లోంచి పారిపోయారనీ చెప్పేసరికి అందరూ దగ్గరికి జరిగారు. తెలుగు వికీపీడియాలో ఆయన మీద ఉన్న వ్యాసం ప్రింటు తీసి కౌంటర్ పక్కన వేలాడదీశాను. గొప్పవాళ్ళ జీవితంలో పిల్లలకి కావలసింది వాళ్ళు తప్పిన పరీక్ష. మనమేమో పొందిన బిరుదులు చెబుతాం.

ఇంకా దగ్గర ఊరు మామిడికుదురు. బోయి భీమన్న గారిది అక్కడే, 1911లో పేద దళిత కుటుంబంలో పుట్టారు. పాలేరు కుర్రాడు చదువుకుని పైకి రావడం కథగా ఆయన 'పాలేరు' నాటకం రాశారు. అది చూసి తమ పిల్లల్ని పనిలోంచి మాన్పించి బడికి పంపిన పాలేర్లు ఉన్నారని మా పెద్దవాళ్ళు చెప్పుకునేవాళ్ళు. ఆ నాటకం ఎవరినీ పెద్ద కలలు కనమని బతిమాలలేదు. తమలాంటి ఒకణ్ణి రంగస్థలం మీద నిలబెట్టింది, అంతే. మా పిల్లలు చదివే బొమ్మల కథల్లో ఇప్పటికీ గోదావరి నడుమ లంక ఊరి పిల్ల కనపడదు, పడవలో బడికెళ్ళే పిల్ల కనపడదు. ఉంటే ఎంత బావుండునో.

సరే, ఆ అమ్మాయి సంగతి. ఇప్పుడు పదో తరగతి. పోయిన వేసవిలో వాళ్ళ తాతయ్య ఇంటిపన్ను రసీదు జిరాక్స్ కోసం తీసుకొచ్చింది. రేషన్ కార్డు పనేదో. నేను కాపీ తీస్తుంటే తను రసీదు చదువుతోంది. చదవడం అలవాటైనవాళ్ళతో ఇదే గొడవ, ఏ కాగితం కనపడినా వదలరు. "అంకుల్, ఇంటి పన్ను 650 అండి. కింద గ్రంథాలయ పన్ను 52 అనుందండి. మనూళ్ళో గ్రంథాలయం ఎక్కడుందండి?"

నాకు నలభై ఏళ్ళొస్తున్నాయి. ఇలాంటి రసీదులు ఎన్ని వందలు కాపీ తీశానో లెక్కలేదు. ఆ గడి ఒక్కసారీ చూడలేదు.

1960లో వచ్చిన పౌర గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను రూపాయికి 8 పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలు చేస్తారు. పంచాయతీ వసూలు చేసి జిల్లా గ్రంథాలయ సంస్థకి జమ చెయ్యాలి. 650కి 8 పైసల లెక్కన సరిగ్గా 52. ఆ పిల్ల ఇంకో ముగ్గుర్ని వెంటేసుకుని వాళ్ళ వీధిలో పందొమ్మిది ఇళ్ళ రసీదులు చూసి, గ్రంథాలయ పన్ను ఎంతవుతుందో కూడి నోటుబుక్కులో రాసింది. పంచాయతీకి వెళ్ళి అడిగితే అక్కడాయన నవ్వి, "ఆయ్, పై ఆఫీసుకి పోద్దమ్మా" అన్నాడట. వీళ్ళు ఊరుకోలేదు. ఏ సంవత్సరం ఎంత పోయిందో చూపించమన్నారు. ఆయన నవ్వడం మానేశాడు.

ఈ నేల మీద ఇది కొత్తేమీ కాదని వాళ్ళకి చెప్పాను. రాజమండ్రిలో నాళం కృష్ణారావు గారు ఇరవై ఏళ్ళు నిండకముందే, 1898లో, గ్రంథాలయం పెట్టారు. ఇవాళ్టి గౌతమీ గ్రంథాలయానికి మొదలు అదే. గ్రంథాలయ పితామహుడు అయ్యంకి వెంకటరమణయ్య గారు పుట్టింది గోదావరి జిల్లా కొంకుదురులో. 1914లో బెజవాడలో గ్రంథాలయ సంఘం పుట్టడానికి ఆయన ముఖ్యులు. పక్కన కృష్ణా డెల్టాలో 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో కాలవల మీద పడవలో లైబ్రరీ తిరిగింది. పడవ ఊరి రేవులో ఆగితే జనం వచ్చి పుస్తకాలు మార్చుకునేవాళ్ళు. కాటన్ దొర తవ్వించిన కాలవలు మాకూ ఉన్నాయి, ఇప్పుడు వాటిల్లో గుర్రపుడెక్క తిరుగుతోంది.

అర్జీ పెడదామన్నారు పిల్లలు. సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. సోమవారమంటే బడి ఎగ్గొట్టాలి, ఇళ్ళల్లో చీవాట్లు తప్పవు. ఇల్లు తాతయ్య పేరున ఉంది కాబట్టి సంతకం ఆయనది. నలుగురు పిల్లలూ, తాతయ్యా, నేనూ అమలాపురం బస్సెక్కాం. వరసలో రెండు గంటలు నిలబడ్డాం. అర్జీ తీసుకుని నంబరు వేసిన రసీదు ఇచ్చారు. తిరుగు బస్సులో, ఒకప్పుడు "కారులో వస్తారండి" అన్న కుర్రాడు (వాడూ ఈ నలుగురిలో ఒకడే) చాలాసేపు కిటికీలోంచి చూసి, "కలెక్టర్ గారి పనంతా చదవడమే అంకుల్. పొద్దుటి నుంచీ చదువుతానే ఉన్నారు" అన్నాడు. వాడికి ఆ ఉద్యోగం మీద మోజు పెరిగిందో తగ్గిందో మొహం చూసి చెప్పలేకపోయాను.

లైబ్రరీ రాలేదు. వస్తుందో రాదో కూడా తెలియదు. నంబరు మాత్రం ఉంది. రెండో అర్జీ పెట్టాలని నిన్న సాయంత్రం అమ్మాయి వచ్చింది. తను చెబుతుంటే నేను టైపు చేశాను. ప్రింటు తీసి ఇస్తే నిలబడి మొత్తం చదివి, కాగితం నా ముందు పెట్టి, ఒక మాట మీద వేలు పెట్టింది.

"ఇది తప్పండి. మీరు గ్రంధాలయం అని కొట్టారు. ధనంలో ధ కాదండి, కథలో థ."

"అందరూ అలాగే రాస్తారమ్మా" అన్నాను.

"ఆయ్, రసీదులో కూడా తప్పే ఉందండి. మార్చండి."

అర్జీలో ఆ మాట ఏడు చోట్ల ఉంది. ఏడూ మార్చి మళ్ళీ ప్రింటు తీశాను.